విమానప్ప చేను

మా ఊరి పేరు గుండ్లవంక. గుండ్లు ఉన్నాయి, వంకా ఉంది. వంకలో నీళ్ళు మాత్రం లేవు. నీళ్ళెందుకు రాలేదని అడిగితే, ఓట్ల కోసం వచ్చిన ప్రతివాడి దగ్గరా ఇంకో వంక ఉంది. కోడుమూరు నుంచి ఆటోలో వస్తే ముందు గుండ్లు కనిపిస్తాయి, ఆ తర్వాత గుండ్ల మధ్య మేము కనిపిస్తాం. సముద్రం ఇక్కడికి ఎంత దూరమో మాలో ఎవరికీ తెలియదు. మేము అటు వెళ్ళి చూసిందీ లేదు, అది ఇటు వచ్చి పలకరించిందీ లేదు.

అలాంటి ఊరికి వైశాఖ మాసపు ఎండలో సముద్రం తరఫున రెండు తెల్లకార్లు వచ్చాయి. అద్దాల మీద ‘తీర స్మారక సమితి’ అని అంటించి ఉంది. ముందు కార్లోంచి దిగినాయన పేరు భావనారాయణ. కోస్తావాడు, రిటైరైన ఇంజనీరు, ఆ సమితికి అధ్యక్షుడు. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ మాట. రెండో కార్లోంచి దిగినవాడు మాకు కొత్తవాడు కాదు. రాఘవేంద్రప్రసాద్. మా ఊరివాడే, కర్నూల్లో కాంట్రాక్టులు చేస్తాడు. రాబోయే ఎన్నికల్లో ఏదో ఒక పార్టీ తరఫున నిలబడాలని, అంతవరకూ అన్ని పార్టీల ముందూ వంగి ఉన్నాడు. పేరు చివర ప్రసాదం ఉందిగానీ, ఆ చేతిలోంచి ఎవరి దోసిట్లోనూ రాలిపడింది లేదు.

వాళ్ళు వచ్చింది అలివేలమ్మ చేన్లో ఉన్న రాయి కోసం.

ఆ రాయి సంగతి చెప్పాలి. మా సీమలో చాలా ఊళ్ళలో వీరగల్లులుంటాయి. ఊరి పశువుల కోసమో, ఊరి మనుషుల కోసమో ప్రాణం పోగొట్టుకున్నవాడికి ఊరు నిలబెట్టుకునే రాయి అది. దానిమీద వీరుడు గుర్రమెక్కి, మీసం మెలేసి, కత్తి దూసి ఉంటాడు. మా రాతి మీద కూడా మీసముంది, తలపాగా ఉంది, నడుముకు బాకు ఉంది. గుర్రం ఒక్కటే లేదు. గుర్రం ఉండాల్సిన చోట విమానముంది! వీరుడు దాని మీద అటొక కాలు, ఇటొక కాలు వేసి కూర్చుని, రెండు చేతులా కళ్ళెం లాగి పట్టుకున్నాడు. చెక్కినాయన విమానాన్ని చూసింది ఒక్కసారే, అదీ ముక్కలైన తర్వాత. గుర్రాన్ని రోజూ చూసేవాడు. ఎగిరేదైనా దూకేదైనా కళ్ళెం లేకుండా మనిషి మాట వినదని ఆయన నమ్మకం. రాతి పక్కన, విమానం ముక్కు దగ్గర గిర్రున తిరిగే రెక్క ఒకటి భూమిలో సగందాకా దిగి, ఇప్పటికీ నిలబడి ఉంది.

ఎనభై యేళ్ళ కిందటి మాట. ప్రపంచమంతా యుద్ధంలో ఉంది, మా ఊరు వేరుశనగ కళ్ళంలో ఉంది. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ అక్కడే. కుప్ప నీడన గోనెపట్ట మీద ఓబుళేశు అనే చంటివాడు నిద్రపోతున్నాడు. తూర్పు నుంచి పొగ కక్కుకుంటూ ఒక విమానం నేరుగా కళ్ళం మీదికే దిగుతూ వచ్చింది. లోపల ఒక్కడే మనిషి. వాడు చెయ్యి బయటికి పెట్టి, పొండి పొండి అన్నట్టు ఊపాడని చూసినవాళ్ళు చెప్పేవాళ్ళు. ఎక్కడికి పోతారు? కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. చివరి క్షణంలో విమానమే పక్కకు తిరిగింది. కళ్ళం దాటి, గుండ్లలో పడి, మండిపోయింది. మంట ఆరాక ఆ మనిషి గుర్తుగా ఊరికి దొరికింది ఒక బూటు, ఇంత బూడిద.

అప్పుడు మా పెద్దలు ఒక పొరపాటు చేశారు. అది మా పెద్దలు మాత్రమే చెయ్యగలిగిన పొరపాటు. ఠాణాలో చెప్పలేదు. ఆ రోజుల్లో ఎక్కడైనా తంతి తీగ తెగితే, చుట్టుపక్కల ఊళ్ళన్నిటి మీదా సర్కారు జరిమానా వేసేది. తీగ తెగితేనే అంత వేసినవాళ్ళు విమానం పడిందంటే ఊరుకుంటారా? ‘మీరే కూల్చినారంటే ఏం జెప్పేది? దేంతో కూల్చినారంటే ఏం జూపించేది, వడిసెలా?’ అనుకుని ఊరంతా నోరు కుట్టుకుంది. విమానం రేకులు ఇళ్ళకు చేరాయి. ఒకరింట్లో కుండ మీద మూతయింది, ఒకరింట్లో కోళ్ళగూటికి తలుపయింది. సర్కారువాళ్ళు ఎక్కడెక్కడో వెతికి, చివరికి ఆ విమానం సముద్రంలో పడిపోయిందని తేల్చారు. సముద్రం కాదనలేదు.

మరుసటి ఏడు ఊరు రాయి నిలబెట్టింది. వీరుడి పేరు తెలియదు కాబట్టి విమానప్ప అంది. ఆ తర్వాత ఇంటికొక విమానప్ప పుట్టాడు. వాళ్ళలో ఒక్కడు కూడా ఇంతవరకూ విమానమెక్కలేదు. ఒక విమానప్ప మాత్రం బస్సు టాపు మీద కోడుమూరు దాకా వెళ్ళొచ్చేవాడు, మాకు అదే గొప్ప.

గోనెపట్ట మీద నిద్రపోయిన ఆ ఓబుళేశు పెద్దకోడలే అలివేలమ్మ. చిన్నకొడుకు కొడుకు ఈ రాఘవేంద్రప్రసాద్. ఆమెకు భర్త పోయి చాలాకాలమైంది. ఆ చేను ఆమె సొంతంగా చేసుకుంటుంది. మధ్యాహ్నం సంగటి మూట విప్పేది ఆ రాతి నీడనే. మొదటి ముద్ద విమానప్పకు, రెండోది తనకు. తింటూ ఊళ్ళో సంగతులన్నీ ఆయనకు చెబుతుంది. ఎదురు చెప్పకుండా మాట వినే మగవాడు గుండ్లవంకలో ఆయనొక్కడేనని ఆమె అభిప్రాయం. మా అభిప్రాయం కూడా.

ఇన్నేళ్ళ గుట్టు ఈమధ్యే బయటపడింది. కర్నూల్లో చదువుకునే హిమబిందు అనే అమ్మాయి వీరగల్లుల ఫోటోలు తీసుకుంటూ మా ఊరొచ్చింది. రాతి అంచున పూలూ మొగ్గల మధ్య, చెక్కినాయన విమానం తోక మీది అక్షరాలను కూడా పూలనుకుని చెక్కిపెట్టాడు. ఆ పిల్ల ఫోటోను ఫోన్లో అందరికీ పంచింది. తిరిగి తిరిగి అది భావనారాయణగారి కంట పడింది. ఆయనకు నెత్తిన పిడుగు పడినట్టయింది. ఎందుకంటే అవే అక్షరాలున్న విమానానికి ఆయన సమితి అప్పటికే సముద్రపు ఒడ్డున తెల్లటి స్తంభం కట్టేసింది. ‘ఈ నీళ్ళలో అస్తమించిన వీరునికి’ అని బంగారు రంగు అక్షరాలు. చనిపోయిన పైలట్ చెల్లెలి మనవరాలు విదేశం నుంచి వచ్చి, పూలు వేసి, రిబ్బను కత్తిరించాలి. అంతలో వీరుడు నీళ్ళలో కాదు, నీళ్ళే లేని చోట అస్తమించాడని తేలింది.

స్తంభాన్ని మార్చడం కంటే రాయిని అక్కడికి చేర్చడం సులువని సమితి అనుకుంది. రాఘవేంద్రప్రసాద్ మధ్యవర్తి అయ్యాడు. స్మారకం పేరుతో మారకం.

విత్తనాలూ ఎరువులూ అమ్మే కేశవయ్య అంగడి అరుగు మీద పంచాయితీ కూర్చుంది. భావనారాయణగారు నెమ్మదిగా మొదలుపెట్టారు.

“ఇది మీ ఊరికి ఎంత గౌరవమో ఆలోచించండమ్మా. అద్దాల గది కట్టిస్తాం. చుట్టూ దీపాలు. ఎక్కడెక్కడి జనమో వచ్చి చూస్తారండి. పక్కనే సముద్రపు గాలి.”

“ఆయప్ప పడిందే గాలిలోనించి గదా సామీ,” అంది అలివేలమ్మ. “ఇంగా గాలి ఏంటికి?”

జనం నవ్వారు. భావనారాయణగారు కూడా మర్యాదకు కొంచెం నవ్వి, “పైగా ఆ బొమ్మ కూడా సరిగ్గా లేదండి. విమానానికి కళ్ళెం ఏమిటి చెప్పండి? పక్కన సరైన బొమ్మ పెట్టించి, వివరం రాయిస్తాం,” అన్నారు.

“కళ్ళెం లాగబట్టే సామీ, పక్కకు తిరిగింది. కళ్ళెం లేకుంటే కళ్ళంలో పడుండు. పడింటే మా మామ లేడు, మా ఆయన లేడు.” ఆమె మరిది కొడుకు వైపు చూసింది. “నీ పక్కన కూర్చోని తలకాయ ఊపుతాండాడే, వీడూ లేడు.”

రాఘవేంద్రప్రసాద్ తలకాయ ఊపడం ఆపాడు. “అందుకే గదా పెద్దమ్మా, గౌరవం చేస్తాండాం. ఈడ ఎవురు చూస్తారు ఆయన్ని? మేకలూ, గొర్రెలూ, నువ్వూ.”

“ఎవుర్ని ముందు జెప్పినావురా?”

“నా మాట అది గాదు పెద్దమ్మా…”

“ఏదైనా గానీలే. రాగవా, నాకొకటి జెప్పు. వీళ్ళ స్తంభం ఆడ ఉండాది. ఆయప్ప ఈడ పడినాడు. స్తంభం ఈడికి రావాల్నా, ఆయప్ప ఆడికి పోవాల్నా?”

“స్తంభం కాంక్రీటండి, కదలదు,” అన్నారు భావనారాయణగారు.

“మా రాయికి మాత్రం కాళ్ళుండాయా?”

ఈ ముక్కకు అరుగు కింద కూర్చున్న కంబన్న ఈలవేశాడు. కంబన్నది అలివేలమ్మ చేను పక్క చేను. ఎద్దులున్నాయి, ట్రాక్టరుంది, ఊళ్ళో ప్రతి తగాదాలోనూ ఒక అభిప్రాయముంది.

అలివేలమ్మ కొంగు నడుముకు చుట్టుకుంది. ఆమె కొంగు చుట్టుకుందంటే అవతలివాళ్ళు మూట సర్దుకోవాలని మాకు తెలుసు. కోస్తావాళ్ళకు తెలియదు.

“సామీ, నువ్వు పెద్దోనివి, నిన్ననేది గాదు. మా కర్నూలుకు రాజధాని వచ్చె. గుడారాలేసుకోని నాలుగునాళ్ళుండి పాయె. తుంగభద్ర మా పక్కనే పారతాండాది, మాకు సప్పుడు వినపడతాది, నీళ్ళు కనపడవు. అన్నీ కిందికే పోయె. పోకుండా మా దగ్గర ఉండేది ఈ రాయొక్కటే. దాన్ని గూడా సముద్రం పక్కన పెట్టాల్నంటే, ఒక పని జెయ్యి. సముద్రాన్నే ఈడికి తీస్కరా. నీళ్ళొస్తాంటే మేం వద్దంటామా?”

అరుగు అదిరిపోయేట్టు నవ్వారు జనం. ఆ నవ్వులో రాఘవేంద్రప్రసాద్ లేచి నిలబడ్డాడు. వాడికి నవ్వు ఎక్కడో తగిలింది.

“నవ్వుకోండప్పా. సోమవారం ఎర్రగుంట్ల నుంచి క్రేను వస్తాండాది. రోడ్డు మీంచి నా బీట్లోకి దిగి, ఆడ్నించి రాయి కాడికి పోతాది. నా బీడు నా ఇష్టం. రాయి ఏ ఒక్కరి సొత్తూ గాదు, దేశానిది.”

“దేశమంటే మేము కామా?” అంది అలివేలమ్మ.

కార్లు వెళ్ళిపోయాయి. దుమ్ము మాత్రం ఉండిపోయింది, అదొక్కటీ మా దగ్గర్నుంచి ఎవరూ తీసుకుపోరు.

రాఘవేంద్రప్రసాద్ చెప్పిన దారి నిజమే. రోడ్డుకు ఆనుకుని వాడి వాటాకు వచ్చిన భూమి ఉంది. వాడు దున్నడు, కౌలుకివ్వడు, బీడుపెట్టాడు. ఆ బీడు దాటితే అలివేలమ్మ చేను. మిగతా మూడు వైపులా గుండ్లు. క్రేను రావాలంటే బీట్లోంచే రావాలి.

జనం చెదిరిపోయాక అలివేలమ్మ కేశవయ్య ముందు నిలబడింది.

“కేశవయ్యా, కందులూ ఆముదాలూ తియ్యి.”

“రోహిణి కార్తె గూడా రాల్యా గదమ్మా. ఇప్పుడు ఇత్తితే చీమలకు పెండ్లి భోజనం.”

“చీమలు మన ఊరివే గదా. తిననీ.”

“ఎంత చేనికి?”

“నా చేనికీ, రాగవుని బీటికీ.”

కేశవయ్య తక్కెడ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కొంచెంసేపటికి ఆయన మొహం మెల్లగా వెలిగింది. మా ఊళ్ళో పుట్టినవాడు కాబట్టి వెలిగింది.

మా గుండ్లవంకలో ఒక కట్టుబాటు ఉంది. విత్తనం పడిన చేన్లో కోత అయ్యేదాకా చెప్పు పెట్టకూడదు, చక్రం దించకూడదు. భూమి కడుపుతో ఉందని అర్థం. నడవాల్సివస్తే చెప్పులు గట్టు మీద విడిచి, సాళ్ళ మధ్య నడవాలి. బండి చక్రమే కాదు, పిల్లల సైకిలు చక్రం కూడా దిగదు. ఒకసారి ఎన్నికల జీపు మా గట్టు దగ్గర ఆగిపోతే, అభ్యర్థి చెప్పులు చంకలో పెట్టుకుని చేను దాటి వచ్చి ఓట్లడిగాడు. ఓడిపోయాడు. అయినా పద్ధతి తప్పలేదని ఇప్పటికీ మంచిగా చెప్పుకుంటాం.

“అమ్మా, ఇవే నీకు ఈ ఏటి ఇత్తనాలు,” అన్నాడు కేశవయ్య. “దుమ్ములో పోస్తే మిరుగు కార్తె వానకు చేతిలో ఏముండదు. వానొస్తాదని నమ్మకముండాదా?”

“వాన కోసరం ఇత్తడం ల్యా కేశవయ్యా.”

“నా అంగట్లో ఈ మాట ఇదే మొదలు వినడం,” అని కేశవయ్య గింజలు తూచాడు. తూచిన తర్వాత దోసిలి నిండా ఇంకొంచెం పోశాడు. “ఇవి చీమల పాలు. నా తరఫున.”

మరునాడు పొద్దునే కంబన్న ట్రాక్టరుతో బీడు దున్నేశాడు. విత్తనం పడకముందు చక్రానికి అడ్డులేదు. దున్నుతుంటే ఎర్రదుమ్ము లేచి ఊరి మీద మబ్బులా నిలబడింది. మబ్బే అనుకుని ఇద్దరు ముసలివాళ్ళు ఇళ్ళలోంచి బయటికి కూడా వచ్చారు.

మధ్యాహ్నానికి విత్తే గొర్రు కట్టారు. కంబన్న ఎద్దులు ముందు, గొర్రు వెనక, గొర్రు మీద గింజలు పోసే జడ్డిగం దగ్గర అలివేలమ్మ. ఆమె పిడికిలి లోంచి గింజలు జారి, గొట్టాల్లోంచి దుమ్ములోకి పోతున్నాయి. చెమ్మ ఎక్కడా లేదు, ఆమె నుదుటి మీద తప్ప.

“వదినా,” అన్నాడు కంబన్న ఎద్దుల్ని అదిలిస్తూ, “వాని బీట్లో మనం ఇత్తితే కేసు పెడతాడేమో.”

“పంట వానికే అని జెప్పు. పంట ఇచ్చినందుకు కేసు పెట్టినోడు ఎవుడన్నా ఉంటే, వాణ్ణి నేనూ చూడాల.”

“పంట వస్తే గదా!”

“రాకుంటే కేసూ రాదు గదా. గొర్రు వంకర పోతాండాది, చూస్కో.”

చూడ్డానికి వచ్చినవాళ్ళు ఊరికే చూస్తూ ఉండలేకపోయారు. ఇంకో రెండు గొర్లు కలిశాయి. విత్తం రాఘవేంద్రప్రసాద్ దగ్గరే ఉండనీ, విత్తనం మా దగ్గరుంది. పొద్దు గుండ్ల వెనక్కి దిగేసరికి రోడ్డు మొదలుకుని రాయి దాకా సాళ్ళు, సాళ్ళు, సాళ్ళు. దువ్వెనతో దువ్వి పాపిట తీసినట్టు. లోపల గింజ, పైన దుమ్ము, ఆ పైన ఒక్క మబ్బయినా లేని ఆకాశం. ఆ రోజు ఆలస్యంగా తిన్న సంగటిలో మొదటి ముద్ద విమానప్పకు పెడుతూ, “గట్టిగా కూర్చో, కళ్ళెం ఇడవొద్దు,” అని అలివేలమ్మ చెప్పడం కంబన్న విన్నాడు.

సోమవారం క్రేను వచ్చింది. పసుపురంగు కొండలా ఉంది. నడిపేవాడు ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర పనిచేసే మనిషి. పేరు లేవి. ఎవరైనా ‘లేవీ’ అని పిలిస్తే ‘ఉన్నా’ అని పలుకుతాడు. వెనకే తెల్లకార్లు. ఊరంతా రోడ్డు పక్క నిలబడి ఉంది.

లేవి రోడ్డు దిగబోయి, బ్రేకు వేశాడు. తల బయటికి పెట్టి సాళ్ళు చూశాడు. ఇంజను ఆపి, కిందికి దూకి, వంగి ఇంత మన్ను చేతిలోకి తీసుకున్నాడు. మన్ను వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది. అరచేతిలో ఒక ఆముదపు గింజ మిగిలింది.

“ఇత్తనం పడిండాదే!”

“పడింది నాయనా,” అంది అలివేలమ్మ.

“అయితే నా టైరు పడదు,” అన్నాడు లేవి. గింజను తీసిన చోటే పెట్టి, మన్ను కప్పాడు.

రాఘవేంద్రప్రసాద్ కారు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. “ఎవురు నా చేన్లో ఇత్తింది?”

“నేనే. చేను నీదే, పంటా నీదే. కూలి గూడా అడగను పో.”

“వాన ల్యాకుండా పంటేంది పెద్దమ్మా? ఎండిన దుమ్ములో పడిందాన్ని ఇత్తనమంటారా?”

“మీ తాతను ఎండిన కళ్ళంలో పండబెట్టుండ్రి గదా, వాణ్ణి బిడ్డ అన్లేదా?”

మాట సాగనప్పుడు వాడు గొంతు పెంచుతాడు. లేవి మీద పెంచాడు. “ఏమప్పా, నిన్ను పిలిపించింది నేను. దించు బండి!”

లేవి తాపీగా బీడీ తీసి, విత్తిన చేని గట్టు మీద ఉన్నానని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. “సార్, ఫ్యాక్టరీలో పొగగొట్టం ఎత్తమను, ఎత్తుతా. మీరు ఎలక్షన్లో పడిపోతే మిమ్మల్నీ ఎత్తుతా. మాది కమలాపురం పక్క. మా తట్టు గూడా ఇదే మాట. ఇత్తిన చేన్లో టైరు దించినానని తెలిస్తే మా యమ్మ నాకు సంగటి పెట్టదు.”

“నువ్వు దించకుంటే పొయ్యె! దోవ నేను చూపిస్తా, నా యెనకాల రా!” అంటూ రాఘవేంద్రప్రసాద్ పెద్ద పెద్ద అంగలేసుకుంటూ చేని వైపు నడిచాడు. గట్టు దాకా వచ్చాడు.

గట్టు మీద ఆగి, వంగి, బూట్లు విప్పాడు.

ఎవరూ నవ్వలేదు. వాడు ఒక్కో బూటూ తీసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, మేజోళ్ళు లోపల కుక్కి, కుడికాలు చేన్లో పెట్టబోతూ, అప్పుడు చూసుకున్నాడు తను ఏం చేస్తున్నాడో. కాలు గాల్లోనే ఉండిపోయింది. వాడి మొహం ఎర్రబడింది. మా నేలంత ఎర్రబడింది.

అలివేలమ్మ దగ్గరకొచ్చింది. గొంతు తగ్గించినా మేము విన్నాం.

“మర్చిపోల్యా గదప్పా. ఇంగా మావోనివే.”

వాడు బూట్లు తొడుక్కోలేదు. గట్టు మీద అలాగే కూర్చుండిపోయాడు.

అప్పటిదాకా కారు దగ్గరే నిలబడ్డ భావనారాయణగారు మెల్లగా తన చెప్పులు విడిచారు. “ఒక్కసారి చూడొచ్చాండీ?” అన్నారు. అప్పుడు తెలిసింది మాకు, ఆయన ఆ రాయిని ఫోటోలో తప్ప చూడలేదని.

“రా సామీ. సాళ్ళ నడుమ నడువు.”

వైశాఖంలో మా నేల పెనం. సముద్రపు ఇసక మీద నడిచిన పాదాలు ఆయనవి. నాలుగడుగులకే ఎగరడం మొదలుపెట్టారు. ఒక కాలు దించితే ఇంకో కాలు లేస్తోంది. విమానం ఎక్కకుండానే ఎగురుతున్నాడు పెద్దమనిషి అని కంబన్న అంటే, అలివేలమ్మ వెనక్కి తిరిగి కళ్ళెర్రజేసింది. ఆ తర్వాత తన కొంగు చివర ముంతలోని నీళ్ళతో తడిపి, ఆయన పాదాల మీద పిండింది.

రాతి ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. కళ్ళెం మీద వేలుపెట్టి చూశారు. మీసం చూశారు. పూలనుకుని చెక్కిన అక్షరాలు చూశారు. అడుగున ఉన్న సంగటి ముద్ద ఎండిన మచ్చలు చూశారు.

“అతని పేరు మాకు తెలుసమ్మా,” అన్నారు. “చెప్పనా?”

“చెప్పు సామీ. ఇన్నేండ్లు కూడుపెట్టి, పేరడగల్యా.”

“ఆర్థర్. చనిపోయేనాటికి ఇరవై రెండేళ్ళు.”

అలివేలమ్మ చెయ్యి రాతి మీసం మీదికి వెళ్ళింది. “ఇంత మీసం పెట్టిచ్చినారే! పసిపిల్లోడు.” రాతి మీది దుమ్ము కొంగుతో తుడిచింది. “మంచి పేరే. ఇంట్లోవాళ్ళు పిలిచిన పేరు. ఈడ మాత్రం విమానప్పే.”

“వాళ్ళ చెల్లెలి మనవరాలు వస్తోందమ్మా. సముద్రం దగ్గర పూలు వేద్దామని అంత దూరం నుంచి వస్తోంది. ఆ పిల్లకు నేనేం చెప్పను?”

“నిజం జెప్పు. ఈడికి తీస్కరా. చెప్పులు గట్టు మీద ఇడిసి రమ్మను. నేను సంగటి చేసి పెడతా.”

“మరి మా స్తంభం?”

“ఉండనీ సామీ, స్తంభానికేం. దాని మీద ఇంగొక మాట చెక్కించు. ‘ఆయప్ప ఈడ పడల్యా, గుండ్లవంకలో పడినాడు’ అని.”

భావనారాయణగారికి నవ్వొచ్చింది. ఈసారి మర్యాదకు కాదు. “సమితి ఒప్పుకోదమ్మా.”

“ఒప్పుకోకుంటే అబద్ధానికే దీపాలు పెట్టుకోండి. ఉప్పుగాలికి ఎన్నాళ్ళుంటాయో చూస్తాం గదా.”

గట్టు మీంచి రాఘవేంద్రప్రసాద్ గొంతు వినిపించింది. వాడిలో కాంట్రాక్టరు ఇంకా పూర్తిగా చచ్చిపోలేదు. “పెద్దమ్మా! కోతలయినాక మళ్ళా వస్తాం. అప్పుడేం జేస్తావు?”

“రా నాయనా, రా!” అని ఇక్కణ్ణుంచే అరిచింది అలివేలమ్మ. “కోసిన మరుసనాడే మళ్ళా ఇత్తుతా. నీ బీడు గూడా కలిపి ఇత్తుతా. ఈసారి శనగలు!”

క్రేను రోడ్డు మీదే వెనక్కి తిరిగింది. తిరిగేముందు లేవి రాతి నీడన కూర్చుని సంగటి తిన్నాడు. పొగగొట్టాల ఊరివాడికి సంగటిలోకి నంజుకున్న ఊరిబిండి పచ్చడి కారం కొంచెం ఎక్కువైందిగానీ, కళ్ళు తుడుచుకుంటూనే మారు అడిగాడు.

వాన సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మా సీమ కథ పూర్తికాదు. రోహిణి కార్తె ఒట్టిగా పోయింది. మిరుగు కార్తె ఉరిమి పోయింది. చీమలు వరసకట్టి పెండ్లి భోజనాలు చేశాయి. అలివేలమ్మ రోజూ చేనికి వెళ్ళి, సాళ్ళ మధ్య నడిచి, రాతి దగ్గర కూర్చుని వచ్చేది. ఎవరైనా “ఏం మొలిచింది వదినా?” అని అడిగితే, “మొలిచినా మొలవకపోయినా ఇది ఇత్తిన చేనే,” అనేది. ఆ వెంటనే చెప్పులు యాడ ఇడిసినావని అడిగేది.

ఆషాఢం చివర ఒక వాన పడింది. ఒక్కటే. దుమ్ములో దాక్కుని చీమల కంట పడని గింజలు ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి తల ఎత్తాయి. ఎక్కువ మొలకలు రాఘవేంద్రప్రసాద్ బీట్లోనే వచ్చాయి. చాలా ఏళ్ళు పండుకున్న నేల కదా. ఆ వార్త కర్నూలుకు చేరింది. వాడు ఫోను చేసి, “పెద్దమ్మా, నా ఆముదాలు ఎట్లుండాయి?” అని అడిగాడట. నా క్రేను అనలేదు, నా ఆముదాలు అన్నాడు.

సముద్రపు ఒడ్డున స్తంభం మీద ఆ కొత్త మాట చెక్కారో లేదో మాకు తెలియదు. తెలుసుకోవాలంటే అంత దూరం పోవాలి. మా ఊళ్ళో ఎవరికీ తీరమూ లేదు, తీరికా లేదు.

శ్రావణంలో ఒకనాడు కంబన్న చేనికి వెళుతూ గట్టు దగ్గర ఆగాడు. గట్టు మీద మూడు జతలు వరసగా ఉన్నాయి. ఒకటి అలివేలమ్మ ముసలి తోలుచెప్పులు. ఒకటి తళతళలాడే నల్లబూట్లు, మేజోళ్ళు లోపల కుక్కి ఉన్నాయి. మూడోది మా వైపు అంగళ్ళలో దొరకని రకం, తెల్లటి కాన్వాసు బూట్లు, దుమ్ముకు అప్పుడే ఎర్రబడుతున్నాయి. చేను మధ్యలో తెల్లగా, పల్చగా ఉన్న ఒక పిల్ల చేతినిండా పూలు పట్టుకుని, రాయి వైపు చూస్తూ ఉత్త కాళ్ళతో నడుస్తోంది.

ఆ పిల్లకు తెలుగు రాదు. అలివేలమ్మకు తెలుగు తప్ప రాదు. అయినా రాతి దగ్గరి నుంచి ఆమె పెట్టిన కేక రోడ్డు దాకా వినిపించింది.

“కిందికి చూసి నడువు తల్లీ! మొలక తొక్కుతాండావు!”